నోటితో ఒప్పుకుంటే హక్కు పోతుంది: విశాఖ దళిత క్రైస్తవుల ముందు జనగణన ప్రశ్న

2025 ఏప్రిల్ 30న దళితుల బతుకులను తాకే రెండు నిర్ణయాలు ఒకే రోజు వచ్చాయి. ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల కమిటీ, రాబోయే జనగణనలో అన్ని కులాలనూ లెక్కించాలని నిర్ణయించింది. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాల లెక్క తీయడం ఇదే మొదటిసారి అవుతుంది. అదే రోజు అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎన్. హరినాథ్ ఒక తీర్పు ఇచ్చారు. కులం పేరుతో దూషించి కొట్టారని గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టరు పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసును ఆయన కొట్టేశారు. క్రైస్తవంలోకి మారినవాడు ఎస్సీగా కొనసాగడని, చేతిలో రద్దు కాని కుల ధ్రువీకరణ పత్రం ఉన్నంత మాత్రాన ఆ చట్టం రక్షణ దొరకదని తీర్పు సారాంశం.

మొదటి నిర్ణయం నీ కులమేంటో చెప్పమంటోంది. రెండోది, నీ దేవుడి పేరు చెప్పావు కాబట్టి నీకు ఆ కులం లేదంటోంది.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జరిగే జనగణనకు ఎన్యూమరేటరు విశాఖలో మల్కాపురం, శ్రీహరిపురం, కంచరపాలెం, గాజువాక వీధుల్లోకి వస్తాడు. కాగితాల్లో హిందూ మాల, హిందూ మాదిగ, హిందూ రెల్లి, ఆది ఆంధ్ర అని ఉండి, ఆదివారం పొద్దున బైబిలు చంకన పెట్టుకుని ప్రార్థనకు వెళ్ళే కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. ఆ తలుపు దగ్గర వాళ్ళు ఏం చెప్పాలి? పాస్టరు గారు సత్యం చెప్పమంటారు. ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లల చదువు గుర్తు చేస్తారు. ఈ ఇరకాటాన్ని ఒక్కో కుటుంబం తన గుండెలోనే పెట్టుకుని మోస్తోంది. నిజానికి ఇది వాళ్ళ ఒక్కళ్ళ సమస్య కాదు. రాజ్యమూ చర్చీ కలిసి వాళ్ళ నెత్తిన పెట్టిన బరువు.

చట్టం పట్టుకున్న ఒక్క మాట

ఈ కథ 1950తో మొదలు కాలేదు. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వే భారతీయ క్రైస్తవులను ఆ జాబితా బయట పెట్టింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా, హిందూ మతం కాక మరో మతాన్ని అవలంబించే వ్యక్తి ఎస్సీ కాదని తేల్చింది. పంజాబులో నాలుగు సిక్కు కులాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1956లో సవరణ చేసి సిక్కులందరినీ, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. అందుకే చర్చి సంస్థలు, దళిత క్రైస్తవ సంఘాలు ఏటా ఆగస్టు 10ని చీకటి దినంగా పాటిస్తున్నాయి.

ఇందులో కీలకం 'అవలంబించే' అన్న మాట. దాని అర్థం ఏమిటో సుప్రీంకోర్టు 1964లో పంజాబ్‌రావు, మేష్రాం కేసులో చెప్పింది. అది క్రైస్తవుడి కేసు కాదు. నాగపూర్‌లో ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన అభ్యర్థి అప్పటికే అంబేడ్కర్ బాటలో బౌద్ధం స్వీకరించాడన్నది వివాదం. మతాన్ని అవలంబించడమంటే ఆ విశ్వాసాన్ని బహిరంగంగా ప్రకటించడం అని కోర్టు తేల్చింది. ఆయన ఎన్నిక చెల్లకుండా పోయింది.

ఇప్పుడు ఈ మాటను బైబిలు పక్కన పెట్టి చూడండి. రోమా పత్రిక పదో అధ్యాయం నేర్పేది కూడా అదే. హృదయంలో నమ్మడంతో ఆగకుండా నోటితో ఒప్పుకోవాలని పౌలు అంటాడు. అంటే విశ్వాసికి రక్షణ మార్గంగా బైబిలు చెప్పిన పనే, దళితుడి విషయంలో హక్కులు పోయే పనిగా చట్టం చూస్తోంది. మనసులో నమ్మి ఊరుకుంటే ఇబ్బంది లేదు. నోరు తెరిస్తేనే నష్టం. ఈ దేశంలో విశ్వాసం చెప్పుకున్నందుకు ఇలా రాతపూర్వకంగా మూల్యం కట్టాల్సింది అణగారిన కులాల నుంచి వచ్చినవాళ్ళే. ఆధిపత్య కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబం ఈ ఉత్తర్వు వల్ల పోగొట్టుకునేది ఏమీ లేదు. పొలం పొలంగానే ఉంటుంది, ఇంటిపేరు చేసే పని చేస్తూనే ఉంటుంది.

ఆ తర్వాత వచ్చిన తీర్పులూ ఈ దారినే నడిచాయి. 1985లో సూసై కేసు మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడిది. ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బంకు ఆయనకు ఇవ్వలేదు. మతం మారాక కులం మిగిలిందంటే సరిపోదు, దాని బాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని ఆధారాలతో చూపాలని సుప్రీంకోర్టు అంది. ఆయన ఓడిపోయాడు. 2024 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, సెల్వరాణి కేసులో అదే కోర్టు మరో అడుగు ముందుకు వేసింది. నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది.

సూసై కేసు అడిగిన ఆధారాలు ఆ తర్వాత వచ్చాయి. జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇచ్చిన నివేదిక, మూడో పేరాను తీసేసి ఎస్సీ హోదాను మతంతో ముడిపెట్టకుండా చూడాలని సిఫారసు చేసింది. కేంద్రం అమలు చేయలేదు. 2004 నుంచి సుప్రీంకోర్టు ముందున్న పిటిషన్లు ఏళ్ళ తరబడి నానుతూ వచ్చాయి. 2022 అక్టోబర్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి, రెండేళ్ళ గడువు పెట్టి, ఆ తర్వాత పొడిగించారు. ఒక కమిషన్ చెప్పినదాన్ని పక్కన పెట్టి ఇంకో కమిషన్ వేయడం ఈ ప్రశ్న విషయంలో పాలకులకు అలవాటుగా మారింది.

రాష్ట్రం చేసింది అటూ ఇటూ కాని పని. మతం మారిన ఎస్సీలను బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 1977లో జీవో 341 ద్వారా, చట్టబద్ధం కాని కొన్ని రాయితీలు వాళ్ళకూ వర్తిస్తాయన్నారు. 2009 ఆగస్టులో ఒకసారి, 2023 మార్చి 24న మరోసారి అసెంబ్లీ, దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. తీర్మానాలు అక్కడే ఆగాయి. రాయితీ దొరికినా అత్యాచారాల నిరోధక చట్టం దొరకదు, రిజర్వుడు సీటు దొరకదు.

విశాఖలో ఆ కాగితం విలువ

ఒక కుల ధ్రువీకరణ పత్రం ఇంత బరువు ఎందుకు తూగుతుందో విశాఖలో కంటే స్పష్టంగా ఇంకెక్కడా కనబడదు. ఇది ప్రభుత్వ రంగం కట్టిన నగరం. 1933లో ఓడరేవు మొదలైంది. తర్వాత షిప్‌యార్డు, నేవల్ డాక్‌యార్డు, బీహెచ్‌పీవీ, జింకు కర్మాగారం, చివరికి ఉక్కు ఫ్యాక్టరీ వచ్చాయి. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అంటూ జరిగిన పోరాటంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరా గాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాల భూములు ఫ్యాక్టరీ కిందకి వెళ్ళాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పాలేరు బతుకు నుంచి బయటపడి రోస్టరు పాయింటులో ఉద్యోగం సంపాదించిన తొలి తరం దళితుడికి ఈ నగరం ఒక కొత్త చిరునామా ఇచ్చింది. పీఎఫ్, క్వార్టరు, పిల్లలకు ఇంగ్లిషు చదువు అన్నీ ఆ ఒక్క కాగితం వెనకే వచ్చాయి.

ఈ నగరంలో పారిశుధ్య పనిని తరాలుగా మోసింది రెల్లి కులస్థులు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం తెచ్చిన ఎస్సీ వర్గీకరణ ఆర్డినెన్సులో రెల్లి తదితర 12 కులాల గ్రూపుకు ఒక్క శాతం, మాదిగ తదితర 18 కులాలకు 6.5 శాతం, మాల తదితర 29 కులాలకు 7.5 శాతం కేటాయించారు. వాటా ఇంత చిన్నదయినప్పుడు లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది బతుకు సమస్య అవుతుంది. ఒక రెల్లి కుటుంబం తన మతాన్ని నిజంగా చెప్పుకుంటే, ఆ ఒక్క శాతం లెక్కలో నుంచి కూడా జారిపోతుంది. చేతిలో చీపురు మాత్రం అలాగే ఉంటుంది.

మరోవైపు, ఏ కౌంటరు ముందు ఈ వరుస నిలబడిందో ఆ కౌంటరే మూతపడుతోంది. జింకు కంపెనీ 2002లో ప్రైవేటు చేతికి వెళ్ళింది, విశాఖ స్మెల్టరు 2012లో ఆగిపోయింది. 2021 జనవరి 27న ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినా, ఆ ఏడాదే కాంట్రాక్టు కార్మికుల తొలగింపు మీద సమ్మెలు జరిగాయి. కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడికి రోస్టరు లేదు. ఎస్సీ హోదా నుంచి క్రైస్తవుడిని తప్పించినందుకు సంబరపడే హిందూ దళిత మిత్రుడు ఈ విషయం ఆలోచించాలి. పక్కవాడిని వరుసలోంచి లాగేసినంత మాత్రాన కౌంటరు తెరుచుకోదు.

ఉద్యోగం కంటే ముఖ్యమైనది ప్రాణరక్షణ. 1996 డిసెంబర్ 29న తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో ఐదుగురు దళిత యువకులను హింసించి, వారిలో ఇద్దరికి శిరోముండనం చేశారు. ఆ కేసులో తీర్పు విశాఖపట్నం కోర్టులో 2024 ఏప్రిల్ 16న వచ్చింది. ఒక ఎమ్మెల్సీతో సహా నిందితులకు 18 నెలల జైలు శిక్ష పడింది. 27 ఏళ్ళు తిరిగాక దొరికిన న్యాయం అది. రేపు ఇలాంటి కేసు మరొకటి వస్తే, ఏప్రిల్ 30 తీర్పు తర్వాత నిందితుల తరఫు వకీలు అడిగే మొదటి ప్రశ్న 'నువ్వు ఆదివారం ఎక్కడికి వెళ్తావు?' అన్నదే అవుతుంది. దెబ్బలు తిన్నవాడు ముందు తన మతానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. కొట్టినవాడి మాట ఆ తర్వాత.

1985 జూలై 17న కారంచేడులో మాదిగ పల్లె మీద పడ్డవాళ్ళు ఎవరు బాప్తిస్మం తీసుకున్నారో అడగలేదు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్ళు చీరాల వెళ్ళి తలదాచుకున్నది చర్చి ఆవరణలో. తరిమినవాళ్ళకు వాళ్ళు మాదిగలుగా కనిపించారు. కోర్టుకు మాత్రం వాళ్ళు మాదిగలుగా కనిపించాలంటే ఆ ఆవరణతో సంబంధం లేదని చెప్పుకోవాలా?

లెక్కల్లో మాయమైన సంఘం

ఈ ఒత్తిడి ఏం చేసిందో జనగణన అంకెలే చెబుతాయి. 1971లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 4.19 శాతం. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55. 2011 నాటికి, ఉమ్మడి రాష్ట్రంలో, 1.34 శాతం. ఈ నలభై ఏళ్ళలోనే ఊరూరా ప్రార్థనా మందిరాలు పెరగడం అందరూ చూశారు. మందిరాలు పెరుగుతూ క్రైస్తవులు తగ్గడం ఎలా సాధ్యం? జనం విశ్వాసం వదల్లేదు, నోరు మూసుకున్నారు.

దీన్ని మోసం అనే మాట తేలిక. హిందూత్వ సంస్థలు ఆ మాటే అంటూ సర్టిఫికెట్ల మీద ఫిర్యాదులు పెడుతున్నాయి. కొందరు పాస్టర్లూ వేదిక మీద నుంచి రెండు పడవల మీద కాళ్ళు పెట్టొద్దని గద్దిస్తున్నారు. ఇద్దరూ వేలు చూపించేది ఒకే మనిషి వైపు. పాలకుల ఉత్తర్వును గానీ, చర్చి పెద్దల మౌనాన్ని గానీ ఆ వేలు తాకదు.

అబద్ధ సాక్షి ఎవరు?

బైబిలు సత్యానికి నమ్మకంగా ఉండడం అంటే ఏమిటన్న ప్రశ్నను బైబిలు దగ్గరే తేల్చుకుందాం. పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ అన్ని రకాల అబద్ధాల గురించి గాలిలో చెప్పిన నీతి కాదు. న్యాయస్థానంలో పొరుగువాడికి వ్యతిరేకంగా, అతని హక్కు పోయేలా చెప్పే సాక్ష్యం గురించి. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు కథ ఆ ఆజ్ఞకు వివరణ లాంటిది. అహాబు రాజు నాబోతు ద్రాక్షతోట మీద కన్నేశాడు. అతను పిత్రార్జితం ఇవ్వనన్నాడు. యెజెబెలు రాణి ఇద్దరు అబద్ధ సాక్షులను కూర్చోబెట్టి, దైవదూషణ నేరం మోపి, అంతా చట్టప్రకారమే అన్నట్టు అతన్ని రాళ్ళతో కొట్టి చంపించింది. ఏలీయా ప్రవక్త వచ్చి నిలదీసింది రాజును. నాబోతు ఎలాంటి భక్తుడు అని ఆరా తీయలేదు.

ఈ కొలతతో చూస్తే, మన కాలపు అబద్ధ సాక్ష్యం 'బాప్తిస్మం తీసుకోగానే కులం పోతుంది' అన్న మాటే. అది ఊరు చెప్పే నిజం కాదు. బావి, శ్మశానం, పెళ్ళి సంబంధం, అద్దె ఇల్లు ఏదీ ఆ మాటకు సాక్ష్యం చెప్పవు. ఆ అబద్ధాన్ని రాజ్యాంగ ఉత్తర్వు రూపంలో రాజ్యం చెబుతోంది. దానివల్ల నష్టపోయేది పేదవాడి పిత్రార్జితమైన హక్కు. ఎమ్మార్వో ఆఫీసులో 'హిందూ' అన్న గడిని నింపే రోజుకూలీ, ఆ పెద్ద అబద్ధం నీడలో బతకడానికి చేసే పనికి మనం వాడే పేరు, రాజ్యం చెప్పే అబద్ధానికి వాడే పేరు ఒకటే కాకూడదు.

ఇంకో సందర్భం అపొస్తలుల కార్యములు 22లో ఉంది. కొరడాలతో కొట్టించడానికి సైనికులు కట్టేసినప్పుడు, పౌలు తనకు రోమా పౌరసత్వం ఉందని చెప్పి దెబ్బలు తప్పించుకున్నాడు. రాజ్యం ఇచ్చిన హక్కును వాడుకోవడం విశ్వాస ద్రోహమని అనుకోలేదు. అయితే ఒక తేడా ఉంది. పౌరుడివని ఒప్పుకోవాలంటే క్రీస్తును కాదనమని రోమా అధికారి ఆ రోజు పౌలును అడగలేదు. 1950 ఉత్తర్వు అడుగుతోంది. అందుకే అహాబుకు ఏలీయా వేసిన ప్రశ్న ఆ ఉత్తర్వు రాసి, నిలబెడుతున్నవాళ్ళకు వేయాలి. కొరడా కింద ఉన్నవాడి మీద ప్రసంగం చేయడం వల్ల ఉపయోగం లేదు.

చర్చి తన నిజం చెప్పిందా?

కులం లేదని అసెంబ్లీ ముందు, కోర్టు ముందు వాదించేటప్పుడు ప్రత్యర్థులు చూపించేది చర్చి బోధనే. 'మీ మతంలో కులం లేదంటారుగా, మరి ఎస్సీ హోదా ఎందుకు?' క్రీస్తులో యూదుడని గ్రీసు దేశస్థుడని, దాసుడని స్వతంత్రుడని భేదం లేదన్న గలతీ పత్రిక బోధ దేవుడు కోరేది. ఊళ్ళో, చర్చిలో జరుగుతున్నది వేరు. ఆ రెండింటినీ కలిపేసి మా దగ్గర కులం లేదని చెప్పిన ప్రతిసారీ చర్చి తన బిడ్డలకు వ్యతిరేకంగానే సాక్ష్యం చెప్పింది.

విశాఖకు ఈ చరిత్రలో మొదటి పేజీ ఉంది. తెలుగువాళ్ళ మధ్య ప్రొటెస్టెంట్ మిషన్ పని మొదలైంది ఇక్కడే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్ ఈ ఊళ్ళో దిగారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సాయంతో సువార్తల అనువాదం చేశారు. మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పుస్తకం వచ్చింది కానీ సంఘం పెద్దగా పెరగలేదు. సంఘం పెరిగింది మాల, మాదిగ పల్లెలు కదిలినప్పుడు. కాకినాడలో టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసిన థామస్ గాబ్రియేల్ అనే మాల విశ్వాసి సొంతంగా పని మొదలుపెట్టి, కెనడా బాప్టిస్టులను పిలిస్తే 1874లో వాళ్ళు వచ్చారు. ఉత్తర సర్కారుల బాప్టిస్టు సంఘాలకు అదే పునాది. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో అత్యధికులు మాదిగలు. తెలుగు క్రైస్తవం కాళ్ళ మీద నిలబడింది దళితుల భుజాల మీదే. వాళ్ళ కులం సంగతి మాట్లాడకుండా ఆ సంఘం చరిత్రే చెప్పలేం.

అయినా చెప్పారు. చర్చి లోపలి కులం గురించి అంబేడ్కర్ రాసిన విమర్శ, మతం మారిన అంటరానివాడి బాధను పట్టించుకోలేదన్నదే. మన గుర్రం జాషువా రెండు వైపులా దెబ్బ తిన్నాడు. అగ్రకులాల వాళ్ళు పంక్తిలోకి రానివ్వలేదు, పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ పెద్దలు గుర్రుమన్నారు. 2016 డిసెంబర్‌లో గానీ భారత కథోలిక బిషప్పుల సమాఖ్య తన దళిత సాధికారత విధానంలో, చర్చిలో కులవివక్ష ఉందని బాహాటంగా ఒప్పుకోలేదు. 2022లో హైదరాబాదు ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆయనే మొదటివారు. సంతోషించాల్సిందే. అయితే ఒప్పుకోలు పత్రం మీద ఉండిపోతే చాలదు. చర్చి చేతిలో ఉన్న పాఠశాలల్లో, నర్సింగు కాలేజీల్లో, ఆసుపత్రుల్లో దళిత క్రైస్తవుల పిల్లలకు ఎన్ని సీట్లు, ఎన్ని ఉద్యోగాలు? ఫీజులో ఎంత తగ్గింపు? పాలకమండలిలో ఎవరున్నారు? ఏటా ఈ లెక్క గోడ మీద అంటించే సంస్థే సత్యం గురించి బోధించడానికి అర్హత సంపాదిస్తుంది.

మన వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు

అంబేడ్కర్‌వాదుల్లో కొందరికి నిజాయితీ గల సందేహాలున్నాయి. మిషన్ బడుల వల్ల క్రైస్తవ దళితులు ఇప్పటికే ముందున్నారని, ఉన్న 15 శాతంలో వాళ్ళూ చేరితే వెనకబడిన కులాలు ఇంకా నష్టపోతాయని అంటారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ తెలుగునేల మీద ఆ దళితులు చాలావరకు ఇప్పటికే హిందూ పేరుతో ఎస్సీ లెక్కలో ఉన్నారు. హోదా ఇస్తే కొత్తగా వచ్చి పడేవాళ్ళ కంటే, భయం లేకుండా తమ పేరు చెప్పుకునేవాళ్ళే ఎక్కువ. చదువులో ముందున్నవాళ్ళు, వెనకున్నవాళ్ళు అన్న తేడాను చూడడానికి వర్గీకరణ అనే పనిముట్టు 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత చేతిలో ఉంది. లెక్క నిజంగా తీస్తేనే వాటా న్యాయంగా పంచగలం. అందరినీ ఒకే గడిలోకి తోసి చేసే కులగణన ఎవరికీ ఉపయోగపడదు.

బౌద్ధుల అనుభవం మనకు పాఠం. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నవాళ్ళకు కేంద్రం ఎస్సీ హోదా ఇచ్చింది 1990లో, 34 ఏళ్ళ తర్వాత. ఆ మధ్యకాలంలో మహారాష్ట్రలో లక్షలమంది జనగణనలో బౌద్ధులమనే రాయించుకున్నారు. నష్టపోయారు, పోరాడారు, చివరికి చట్టం మార్పించారు. వాళ్ళు ఒంటరిగా కాదు, ఒక సమాజంగా మాట్లాడారు. రాష్ట్ర స్థాయిలో రాయితీలు వాళ్ళకు ఊపిరి పోశాయి. మన దగ్గర ప్రతి కుటుంబం ఒంటరిగా నిర్ణయం తీసుకుంటోంది. అందుకే అంకె 4.19 నుంచి 1.34కి వచ్చింది. అంకె చిన్నదయిన కొద్దీ ఈ సమస్య ఉందని ఢిల్లీని నమ్మించడం కష్టమవుతోంది.

2027లోపు చేయాల్సింది

2011 జనగణనలో మతం దగ్గర క్రైస్తవం అని చెప్పినవాడిని ఎస్సీగా నమోదు చేయలేదు. 1950 ఉత్తర్వు మారకపోతే 2027లోనూ అంతే. కాబట్టి మొదటి డిమాండు, ఏ మతం చెప్పినా మాల, మాదిగ, రెల్లి అని పుట్టిన కులం పేరు యథాతథంగా నమోదు కావాలి, ఆ అంకెలు విడిగా ప్రచురించాలి. ఎస్సీ హోదా మీద కమిషన్లు, కోర్టులు అడిగే ఆధారం అదే.

రెండోది, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణను మతంతో ముడిపెట్టకుండా పార్లమెంటు సవరించాలి. రిజర్వేషన్ మీద వాదనలు ఎన్నున్నా, కొట్టినవాడు కులం చూసి కొట్టినప్పుడు చట్టం కూడా కులమే చూడాలి. రాష్ట్ర అసెంబ్లీ రెండుసార్లు తీర్మానం చేసింది కాబట్టి, ఎస్సీ హోదాతో పాటు ఈ సవరణ కూడా కోరడానికి ఏ పార్టీకీ సాకు లేదు.

మూడోది చర్చికి. సత్యం చెప్పమని రోజుకూలీకి బోధించే ముందు బిషప్పులు, సంఘాల అధ్యక్షులు, పెద్ద మందిరాల పాస్టర్లు విశాఖ వేదిక మీద నిలబడి రెండు నిజాలు చెప్పాలి. మా సంఘంలో కులం ఉంది. మా విశ్వాసుల్లో ఎక్కువమంది దళితులు. ఆ తర్వాత, పేరు చెప్పుకున్నందుకు సర్టిఫికెట్ పోగొట్టుకున్న కుటుంబానికి వకీలు ఖర్చు, పిల్లల ఫీజు, ఉద్యోగం తామే చూస్తామని రాసివ్వాలి. సంఘం ఆస్తులు దానికి పనికిరాకపోతే ఇంకెందుకు? భారం పంచుకోకుండా పెట్టే ఆజ్ఞ పరిసయ్యుల ఆజ్ఞ. మోయలేని మూటలు జనం భుజాల మీద పెట్టి తాము వేలితో కూడా తాకనివాళ్ళను యేసు ఏమన్నాడో పాస్టర్లకు మనం చెప్పనక్కరలేదు.

నాలుగోది విద్యార్థి, ఉద్యమ సంఘాలకు. ఇది క్రైస్తవుల గొడవ అని పక్కకు తప్పుకోవద్దు. ఏ కులపోడివి అని ఊరు అడుగుతుంది, ఏ మతమోడివి అని ప్రభుత్వం అడుగుతుంది. రెండు ప్రశ్నలకూ దళితుడు భయపడకుండా నిజమైన జవాబు చెప్పగలిగే రోజు రావాలి. అది వచ్చేదాకా మల్కాపురం గుమ్మంలో ఎన్యూమరేటరు ముందు తడబడే మనిషిని ఎవరూ అబద్ధాలకోరు అనొద్దు. ఆ తడబాటుకు జవాబు చెప్పాల్సినవాళ్ళు ఢిల్లీలో ఉన్నారు, వేదికల మీదా ఉన్నారు.